ఒట్టు సంగతి తర్వాత తల్లీ, ముందు నీ ఫ్రెండ్‌ని డాక్టర్ దగ్గరికి చేర్చాలి

ప్రశ్న: మేడం, నాకు 17 ఏళ్ళు, ఇంటర్ సెకండియర్ బైపీసీ. నేనూ నా ఫ్రెండూ ఆరో క్లాసు నుంచి ఒకే బెంచీ, కాలేజీకి కూడా ఒకే ఆటోలో వెళ్ళొస్తాం, తనదీ నా వయసే. దీపావళి అయిన రెండు రోజులకి ఏడుస్తూ చెప్పింది, వినాయక చవితికి వారం ముందు డేట్ వచ్చిందంట మళ్ళీ రాలేదంట, కిట్ తెచ్చి చూస్తే రెండు గీతలు వచ్చాయంట. ఆ అబ్బాయికి 20, డిగ్రీ చదువుతున్నాడు, ఏడాది నుంచి మాట్లాడుకుంటున్నారంట, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇంకా రెండు నెలలు కూడా కాలేదు కదా ఏం కాదు, మెడికల్ షాపులో తెలిసినవాళ్ళున్నారు టాబ్లెట్లు తెస్తా, మూడు వేలు కావాలి అన్నాడంట. నా దగ్గర ఎగ్జామ్ ఫీజు డబ్బులున్నాయని తనకి తెలుసు, అవి ఇవ్వమంది, నాకు భయమేసి ఇవ్వనన్నా. అప్పట్నుంచి మాట్లాడట్లేదు, ఆటోలో కూడా నా పక్కన కూర్చోవట్లేదు. ఎవరికీ చెప్పనని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది, అమ్మకి తెలిస్తే బావిలో దూకుతానంది. వాళ్ళ నాన్న చాలా కోపిష్టి. పక్క టౌన్లో ఉండే వాళ్ళ పిన్ని దగ్గర మాత్రం తనకి బాగా చనువు, సెలవులన్నీ అక్కడే ఉంటుంది. మా అమ్మకి ఏదో డౌట్ వచ్చి ఆ పిల్లతో ఎక్కువ తిరగొద్దంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. చెప్తే ఫ్రెండ్‌షిప్ పోతుంది, ఒట్టు తప్పితే తనకేమన్నా అవుతుందేమో, చెప్పకపోతే ఇంకేమవుతుందో. ఇంకోటి, ఏడాది నా దగ్గర దాచిందని నాకు కోపం వస్తోంది, ఇలాంటప్పుడు కోపం రావడం నా తప్పా?

సమాధానం: తల్లీ, ముందు నీకు కావాల్సిన జవాబు చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. చెప్పు. ఒక పెద్దావిడకి చెప్పు, ఈ వారం దాటకుండా చెప్పు. ఆ మూడు వేలు మాత్రం ఇవ్వకు, ఇవ్వనన్నందుకు నువ్వు చెడ్డదానివి అయిపోలేదు, నీకు తెలీకుండానే తనకి పెద్ద మేలు చేశావు. ఎలాగో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు, ఇందులో కొన్ని విషయాలు నువ్వు తనకి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి.

ఆ అబ్బాయి రెండు నెలలు కూడా కాలేదన్నాడు కదా, వాళ్ళు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టుకుని ఉంటాడు. డాక్టర్లు అలా లెక్కపెట్టరు. చివరిసారి డేట్ వచ్చిన మొదటి రోజు నుంచి వారాల్లో లెక్కేస్తారు. చవితికి వారం ముందు అంటే, చవితికీ దీపావళికీ మధ్య దాదాపు 8 వారాలు, దానికి ముందొక వారం, నువ్వు ఉత్తరం రాసి అది నాకు చేరేసరికి ఇంకొన్ని రోజులు, అంటే తనకిప్పుడు పదో వారం నడుస్తూ ఉండాలి. టాబ్లెట్లతో అబార్షన్ మన దేశంలో 9 వారాల వరకే చెయ్యాలి, అది కూడా డాక్టర్ చూసి రాసిస్తేనే. ఆ గడువు తనకి దాటిపోయింది, లేదా దాటే అంచున ఉంది. షాపులో కౌంటర్ కింద నుంచి తీసిచ్చే మనిషి ఇవన్నీ అడగడు, స్కాన్ తీశారా అనీ అడగడు, రక్తం ఎంతుందో అడగడు, వాడికి మూడు వేలు చేతిలో పడితే చాలు.

ఆ మందులు విషం కాదు, టైమ్‌కి, డాక్టర్ చూస్తుండగా వాడితే మంచి మందులే. మొదట మిఫెప్రిస్టోన్ అని ఒకటి, ఒకటి రెండు రోజులు ఆగి మిసోప్రోస్టాల్ అని ఇంకోటి. ప్రమాదమంతా చూడకుండా వేసుకోవడంలో ఉంది. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలబడి ఉంటే ఈ టాబ్లెట్లు దాన్ని ఏమీ చెయ్యలేవు, ట్యూబు పగిలి లోపల రక్తస్రావమై ప్రాణం మీదకి వస్తుంది, అది స్కాన్ చేస్తేనే తెలుస్తుంది. వారాలు ఎక్కువైతే సగమే పోయి సగం లోపల ఉండిపోయి ఇన్ఫెక్షన్ అవ్వొచ్చు. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఒక ఇంజెక్షన్ అవసరం అవుతుందేమో డాక్టర్ చూడాలి, లేకపోతే ముందు ముందు పిల్లల విషయంలో ఇబ్బంది రావచ్చు. పైగా మన పిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ, అలాంటి పిల్ల ఇంట్లో ఎవరికీ తెలీకుండా బాత్రూంలో గడియ పెట్టుకుని, నొప్పికి నోట్లో చున్నీ కుక్కుకుని ఒంటరిగా భరించాలా? ఆ మాట ఊహించుకోడానికే నాకు కష్టంగా ఉంది.

బొప్పాయికాయలు, నువ్వులు బెల్లం, వేడి చేసే కషాయాలు, మెట్ల మీద నుంచి దూకడాలు, ఇవేవీ పనిచెయ్యవు, వీటితో చేసేది టైమ్ పోగొట్టుకోవడమే. లోపల పుల్లలు పెట్టి గర్భం తీసేవాళ్ళ దగ్గరికి గానీ ఊర్లో ఉత్తుత్తి డాక్టర్ల దగ్గరికి గానీ అస్సలు పోనివ్వకు.

ఒకవేళ నీ ఉత్తరానికి నేను జవాబు రాసేలోపే ఎక్కడో డబ్బులు తెచ్చి టాబ్లెట్లు వేసేసుకుని ఉంటే, ఇది చాలా ముఖ్యం, గంటకి రెండు ప్యాడ్లు నిండిపోతూ రెండు గంటలు అలాగే ఉన్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, పొత్తికడుపులో గానీ భుజంలో గానీ తట్టుకోలేని నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, బ్లీడింగ్ చెడు వాసన వేసినా ఇక ఒట్టూ లేదు పిన్నీ లేదు, 108కి ఫోన్ చెయ్. ఆస్పత్రిలో ఏం వేసుకుందో ఎప్పుడు వేసుకుందో ఉన్నదున్నట్టు చెప్పాలి, చీటీ గానీ ఖాళీ స్ట్రిప్ గానీ ఉంటే పట్టుకెళ్ళాలి, తిడతారేమోనని అబద్ధం చెప్తే వైద్యం తప్పుతుంది.

ఇప్పుడు ఒట్టు సంగతి. నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తే తప్పకూడదని, తప్పితే ఆ మనిషికి కీడు జరుగుతుందని మన ఇళ్ళల్లో చిన్నప్పట్నుంచి వింటూ పెరుగుతాం, నీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఒకటి ఆలోచించు. నీ ఫ్రెండ్‌కి జరగబోయే కీడు ఏదైనా ఉంటే అది చూడకుండా మింగే మందుల వల్ల, రోజులు గడిచిపోవడం వల్ల, ఆ బావి మాట వల్ల. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే ఆ మూడూ దగ్గరికొస్తాయి. తను భయంలో ఉండి నీ చేత ఒట్టు వేయించుకుంది, ఆ భయం తగ్గాక ఏ పిల్లా నన్ను అలా వదిలేసి ఉండాల్సింది అనుకోదు. ఇంకోటి, ఒట్టు అడిగింది ఊరంతా తెలిసిపోతుందని, పరువు పోతుందని. నువ్వు ఒక్క మనిషికి, తనని ఆదుకోగలిగిన మనిషికి చెప్పి, ఇంకెవరికీ చెప్పకుండా ఉంటే తను ఏం కాపాడుకోవాలనుకుందో అది నువ్వు కాపాడినట్టే.

బావిలో దూకుతానన్న మాట మాత్రం అస్సలు వదిలెయ్యకు. ఊరికే అంటారులే అనుకోవద్దు. నేరుగా అడుగు, "నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఏమన్నా అనుకున్నావా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడకు, అలా జరగదు, అడిగేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవును అనిందంటే తనని ఒంటరిగా వదలకు, ఆ రోజే పెద్దవాళ్ళకి చెప్పు, ఇక ఆగొద్దు. 14416 టెలి మానస్ నంబరు, మనసు బాలేనివాళ్ళ కోసం గవర్నమెంట్ పెట్టిన హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. తను చెయ్యనంటే నువ్వే చెయ్యి, నీకూ నిద్ర పట్టట్లేదన్నావు కదా, నీ కోసమైనా చెయ్యొచ్చు.

మరి ఎవరికి చెప్పాలి? నీ ఉత్తరంలో జవాబు నువ్వే రాసేశావు, ఆ పిన్నికి. కోపిష్టి నాన్నకి మొదట చెప్పకు. లెక్చరర్లకి కూడా మొదట చెప్పమని నేననను, మంచివాళ్ళు ఉండరని కాదు, ఒక మాట స్టాఫ్ రూములోకి వెళ్ళిందంటే అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, నేను చాలా ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, స్టాఫ్ రూమ్ గోడలు ఎంత పల్చగా ఉంటాయో నాకు తెలుసు. పిన్ని అమ్మకి చెల్లెలు, అమ్మతో ఎప్పుడు ఎలా మాట్లాడాలో ఆవిడకి తెలుస్తుంది, ఆ ఇంట్లో నాన్న కోపానికి అడ్డం నిలబడేది కూడా ఆవిడే కావచ్చు.

అయితే పిన్నికి చెప్పే ముందు నీ ఫ్రెండ్‌తో మాట్లాడు. వెనకాల చెప్పకు. ఆటోలో కాదు, కాలేజీలో కాదు, మీ ఇద్దరే ఉండే చోటికి తీసుకెళ్ళు, మేడ మీదకో ఇంకెక్కడికో. ఎందుకు చేశావు, వాడెవడు, నాకెందుకు చెప్పలేదు, ఇవేవీ ఆ రోజు తీయకు. ఇలా చెప్పు, నీ మాటల్లో మార్చుకో: "నువ్వు నాతో మాట్లాడకపోయినా పర్లేదు, నేను నిన్ను వదలను. ఆ టాబ్లెట్లకి మాత్రం డబ్బులివ్వను, నీకు వారాలు దాటిపోయాయి, ఏమన్నా అయితే నేను బతకలేను. పిన్నికి చెప్దాం. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామా?" తిడుతుంది, ఏడుస్తుంది, లేచి వెళ్ళిపోతుంది, వెళ్ళనీ. రెండు రోజులు టైమ్ ఇవ్వు. అప్పటికీ ఒప్పుకోకపోతే "నేను ఈరోజు పిన్నికి ఫోన్ చేస్తున్నా, నీకు చెప్పే చేస్తున్నా" అని చెప్పి చెయ్యి. ఇది కష్టమే, నీ వయసులో ఇంత పని నీ నెత్తిన పడకుండా ఉండాల్సింది, కానీ పడింది.

పిన్నితో కూడా చుట్టూ తిప్పకుండా చెప్పు, అమ్మాయికి నెల తప్పింది, కిట్‌లో చూసింది, పది వారాల దగ్గర ఉంటుంది, ఇంట్లో చెప్పడానికి భయపడి చచ్చిపోతానంటోంది, మీరు రావాలి పిన్నీ. అంతే. ఆవిడ ఫోన్లో గట్టిగా అరవొచ్చు, నిన్ను కూడా నాలుగు మాటలు అనొచ్చు, మీరిద్దరూ కలిసే తిరిగారా అని. పట్టించుకోకు, కంగారులో అనే మాటలవి. ఇలాంటి సంగతి తెలిసిన తల్లులు మొదట చెయ్యి చేసుకున్నవాళ్ళు ఉన్నారు, సాయంత్రానికి అదే చేత్తో అన్నం కలిపి పెట్టి తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్ళినవాళ్ళనీ చూశాను. అందరూ అలా ఉంటారని మాటివ్వలేను. ఇంట్లో దెబ్బలు, గదిలో పెట్టి గడియ వెయ్యడం, చదువు మాన్పించి పెళ్ళి అనడం లాంటివి మొదలైతే 1098కి ఫోన్ చెయ్, అది పిల్లల హెల్ప్‌లైన్, నీ పేరు చెప్పకుండా కూడా మాట్లాడొచ్చు. 18 నిండకుండా పెళ్ళి చేస్తే చట్టప్రకారం నేరం, 2006 చట్టం ఉంది, అబ్బాయికి 21 నిండాలి, అతనికీ నిండలేదు. పెళ్ళి చేసేస్తే పరువు నిలబడుతుందనే పెద్దవాళ్ళకి ఈ మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

ఇంకో ప్రశ్న నీ ఫ్రెండ్‌ని మెల్లగా అడగాలి, నువ్వే అడగగలవు. ఇదంతా తన ఇష్టంతోనే జరిగిందా? వాడు బలవంతం చేశాడా, ఫోటోలు వీడియోలు ఉన్నాయని బెదిరిస్తున్నాడా, ఆ ఏడాదంతా నీకు చెప్పకపోవడానికి కారణం వాడు చెప్పొద్దనడమేనా? ఏడాది ప్రాణ స్నేహితురాలి దగ్గర కూడా దాచింది అంటే నాకు ఆ అనుమానం వచ్చింది, నిజం కాకపోవచ్చు, అడిగి తెలుసుకో. అలాంటిదేమైనా ఉంటే పోలీసుల దగ్గరికి వెళ్ళడం తనకి రక్షణే.

పోలీసులు అన్నాను కదా, మీ ఇద్దరి భయంలో సగం అదే అయ్యుంటుంది, అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్తా. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 లోపు పిల్లల ఇష్టాన్ని చట్టం ఇష్టంగా లెక్కలోకి తీసుకోదు, కాబట్టి 20 ఏళ్ళ అబ్బాయి మీద కేసు అవుతుంది. తెలిసిన పెద్దవాళ్ళు, డాక్టర్లతో సహా, పోలీసులకి తెలియజెయ్యాలి, తెలియజెయ్యకపోతే శిక్ష ఉంది, కానీ ఆ శిక్ష పిల్లలకి వర్తించదని చట్టంలోనే రాశారు, నీకు 17 కాబట్టి ఇన్నాళ్ళు చెప్పలేదని నిన్నెవరూ ఏమీ అనడానికి లేదు. ఈ రిపోర్టింగ్ భయంతోనే చాలామంది ఆస్పత్రి మానేసి మెడికల్ షాపుకి పోతున్నారు. దీని గురించే 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది, మైనర్ అమ్మాయీ ఆమె గార్డియనూ అడిగితే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో అమ్మాయి పేరూ వివరాలూ ఇవ్వక్కర్లేదని. ఈ మాట పిన్నికి కాగితం మీద రాసివ్వు, ఎందుకంటే కొన్ని ఆస్పత్రుల్లో ఇది తెలీక ముందు స్టేషన్‌కి వెళ్ళి రండి అని తిప్పుతారు, అలా అంటే సూపరింటెండెంట్‌ని కలవాలి, లేదా ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి మీ జిల్లాలో సఖి సెంటర్ ఎక్కడుందో కనుక్కుని అక్కడినుంచి వెళ్ళాలి, తెలంగాణలో అయితే భరోసా సెంటర్లు కూడా ఉన్నాయి. డాక్టర్, లాయర్, కౌన్సెలర్ కోసం వేర్వేరుగా తిరగక్కర్లేకుండా ఒకే చోట చూసుకోవడానికే అవి పెట్టారు.

అబార్షన్ చట్టం 1971 నుంచీ ఉంది, 2021లో మార్చారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ ఒప్పుకుంటే చాలు, మైనర్లకయితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాల వరకు కుదురుతుంది. 18 నిండలేదు కాబట్టి గార్డియన్ సంతకం కావాలి, గార్డియన్ అంటే అమ్మానాన్నలే అని చట్టంలో లేదు, ఆ పిల్ల బాగోగులు చూసుకునే మనిషి అని ఉంది. అమ్మాయి పేరు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. గవర్నమెంట్ ఆస్పత్రిలో దీనికి డబ్బులు కట్టక్కర్లేదు, ఏరియా ఆస్పత్రిలోనో జిల్లా ఆస్పత్రిలోనో లేడీ డాక్టర్ ఉండే ఓపీ రోజు కనుక్కుని వెళ్ళాలి. పది వారాలంటే సాధారణంగా సంచి లోపలిది మెత్తని గొట్టంతో లాగేసే చిన్న ప్రొసీజర్ చేస్తారు, ఏ ఇబ్బందీ లేకపోతే అదే రోజు ఇంటికి పంపేస్తారు. 12 వారాలు దాటితే పద్ధతి మారుతుంది, అన్ని చోట్లా చెయ్యరు, పెద్దాస్పత్రికి పంపుతారు. నేను ఈ వారమే ఈ వారమే అని ఎందుకంటున్నానో అర్థమైందా, చట్టం ఇచ్చిన గడువు అయిపోయిందని కాదు, ఎంత ముందు వెళ్తే తన ఒంటికి అంత తేలిక.

ఇంతసేపూ అబార్షన్ గురించే చెప్పాను కానీ అది తన నిర్ణయం, నీది కాదు, నాది కాదు, పిన్నిది కూడా కాదు. గార్డియన్ సంతకం ఎంత అవసరమో అమ్మాయి ఒప్పుకోవడం అంతే అవసరం, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చేయించడం కుదరదు. కంటాను అంటే అదీ వినాలి, ఆ వయసులో బీపీ పెరగడం, రక్తం తగ్గడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం లాంటివి ఎక్కువ కాబట్టి నెల నెలా చెకప్‌కి వెళ్ళాలి, కని పెంచలేకపోతే బాలల సంక్షేమ కమిటీ ద్వారా దత్తతకి ఇవ్వొచ్చు, ఇచ్చాక కూడా మనసు మార్చుకోడానికి 60 రోజులు టైమ్ ఉంటుంది. నీ ముందు ఏ మాటన్నా "అలా ఎలా చేస్తావ్" అనకు, డాక్టర్‌తో చెప్పు అను.

ఇక్కడ ఒక మాట, ఇది చదివే పెద్దవాళ్ళ కోసం కూడా. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భంతో ఉన్నవాళ్ళు. దాదాపు అందరూ పెళ్ళయిన పిల్లలే. అదే వయసు, అదే లేత ఒళ్ళు, మెడలో తాళి ఉంటే సీమంతం చేసి గాజులు తొడుగుతాం, లేకపోతే బావి దాకా తరుముతాం. మీ జువాలజీ పుస్తకంలో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం అని చాప్టర్ ఉంది కదమ్మా, అది మీ కాలేజీలో నోరు విప్పి చెప్పారో, ఇంపార్టెంట్ క్వశ్చన్లు టిక్కు పెట్టించి వదిలేశారో నాకు తెలీదు. సరిగ్గా చెప్పి ఉంటే పదో వారం దాకా రాకుండా నెల తప్పిన వారానికే నీ ఫ్రెండ్ ఎవరినో ఒకరిని అడిగేది.

ఇప్పుడు నీ సంగతికి వస్తా, నువ్వు చివర్లో సిగ్గుపడుతూ అడిగావు చూడు, కోపం రావడం తప్పా అని. తప్పు కాదు. ఆరో క్లాసు నుంచి టిఫిన్ బాక్స్ దగ్గర్నుంచి అన్నీ పంచుకున్న మనిషి ఏడాదిపాటు అంత పెద్ద విషయం దాచి, కష్టం వచ్చాక తెచ్చి నీ నెత్తిన పెట్టి, డబ్బులివ్వలేదని మొహం తిప్పుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నాకంటే వాడే ఎక్కువయ్యాడా అనే బాధ కూడా అందులో ఉంటుంది, అది కూడా మామూలే, చెప్పుకోడానికి చిన్నతనంగా ఉంటుంది కానీ ఉంటుంది. ఆ కోపాన్ని చంపుకోవాల్సిన పని లేదు, కొన్నాళ్ళు పక్కన పెట్టు. తను కోలుకున్నాక, పరీక్షలయ్యాక, ఎప్పుడైనా సరే అడుగు, నాకెందుకు చెప్పలేదే అని, అడగడం నీ హక్కు. బహుశా చెప్పదల్చుకున్న రోజు నువ్వేదో వేరే పిల్ల గురించి తప్పుగా మాట్లాడటం విని ఆగిపోయిందేమో, బహుశా వాడు వద్దన్నాడేమో, అడిగితే గానీ తెలీదు.

తను మాట్లాడట్లేదు కదా, అది నీ మీద కోపమొక్కటే అని నేననుకోను. తన భయం పూర్తిగా తెలిసింది వాడు కాక నీకొక్కదానికే, నీ మొహం చూసినప్పుడల్లా అదంతా గుర్తొస్తుంది, అందుకే ఆటోలో సీటు మారింది. ఇదంతా సర్దుకున్నాక కూడా కొన్నాళ్ళు నీకు దూరంగానే ఉండొచ్చు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో అలా ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుని కూడా ఆ తర్వాత మాట్లాడుకోని పిల్లల్ని చూశాను, పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టాక మళ్ళీ దగ్గరైనవాళ్ళనీ చూశాను. నీ విషయంలో ఏది జరుగుతుందో నేను చెప్పలేను. ఫ్రెండ్‌షిప్ పోతే పోవచ్చు తల్లీ, ఆ బాధ నిజమైనదే, కానీ తను బతికి, ఆరోగ్యంగా, నీతో మాట్లాడకుండా ఉండటం నువ్వు తట్టుకోగలిగే బాధ.

మీ అమ్మ సంగతి. ఆ పిల్లతో తిరగొద్దు అంటోందంటే ఆవిడకి అనుమానం వచ్చింది, భయం నీ గురించి. నన్నడిగితే మీ అమ్మకి నీ భారం చెప్పమంటాను, వివరాలన్నీ కాకపోయినా, "అమ్మా, నా ఫ్రెండ్‌కి పెద్ద కష్టం వచ్చింది, నాకు నిద్ర పట్టట్లేదు, నువ్వు ఎవరితో అననంటే చెప్తా" అని మొదలుపెట్టి ఆవిడ మొహం చూడు. పక్కింటావిడతో అనేస్తుంది అని నీకు గట్టిగా తెలిస్తే చెప్పకు, నీ అమ్మ నీకే తెలుసు. అప్పుడు నీ కోసం 14416 ఉంది.

వాట్సాప్‌లో ఈ విషయం ఒక్క అక్షరం టైప్ చెయ్యొద్దు, రిపోర్టులు స్కాన్లు ఫోటో తీయొద్దు, వాయిస్ మెసేజ్ కూడా వద్దు, మన ఇళ్ళల్లో ఫోన్లు అందరివీ. క్లాసులో ఎవరన్నా "మీ ఫ్రెండ్‌కి ఏమైందే" అంటే ఒంట్లో బాలేదు అను, గుచ్చి గుచ్చి అడిగితే నాకు తెలీదు అని లేచి వెళ్ళిపో, ఇలాంటి అబద్ధానికి బాధపడక్కర్లేదు.

తర్వాత తను కొన్ని రోజులు కాలేజీకి రాదు. కొంచెం కొంచెం బ్లీడింగ్ రెండు వారాల దాకా ఉండొచ్చు, మళ్ళీ చెకప్‌కి వెళ్ళాలి, మళ్ళీ ఇలా జరక్కుండా ఏం వాడాలో డాక్టర్‌నే అడగమను, పిన్ని ముందు సిగ్గుగా ఉంటే ఒక్కతే లోపలికెళ్ళి అడగొచ్చు. ఆ రోజుల్లో నీ ఫిజిక్స్, జువాలజీ నోట్సు పిన్ని చేతికిచ్చి పంపు, మాట్లాడకపోయినా పంపు. రికార్డులు పూర్తవ్వకపోతే ప్రాక్టికల్స్‌లో ఇబ్బంది పడుతుంది, అది నువ్వు చూసుకోగలవు. మార్చి పరీక్షలు రాయలేకపోయినా సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోయిందని ఇంట్లో చదువు మాన్పించే మాట ఎత్తితే పిన్నికి ఇది గుర్తు చెయ్యి. నీ ఎగ్జామ్ ఫీజు ఇంకా నీ దగ్గరే ఉంటే రేపే వెళ్ళి కట్టెయ్, అది బ్యాగులో ఉన్నన్నాళ్ళూ నీకు తడబాటుగానే ఉంటుంది.

తనతో మాట్లాడాక ఎలా జరిగిందో నాకు రాయి, పేర్లు వద్దు, ఊరు వద్దు. పిన్ని రానన్నా, ఆస్పత్రిలో తిప్పి పంపినా ఆ రోజే రాయి, కానీ నా జవాబు కోసం ఆగకుండా ముందు 1098కో 181కో ఫోన్ చేసి ఆ తర్వాత నాకు రాయి.